పైడమ్మ పోలిక

మా ఇంట్లో ఆడపిల్ల గొంతు కాస్త పెరిగిందంటే చాలు, "ఇదిగో, పైడమ్మ పూనింది" అంటారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ పూనుతూనే ఉంది. చెల్లికి కొత్త గౌను, నాకు మేనత్త కూతురు విడిచిన గౌనా అని అడిగితే పైడమ్మ. కూరలో ముక్కలన్నీ నాన్న కంచంలోకే పోతున్నాయేమిటంటే పైడమ్మ. మొగుడు తాగొచ్చి చెయ్యెత్తితే ఆ చెయ్యి మెలిపెట్టి పుట్టింటికి వచ్చేశాను చూడండీ, అప్పుడైతే ఊరంతా పైడమ్మే.

పైడమ్మ మా అమ్మమ్మ నాయనమ్మకి తల్లి. తెల్లవాళ్ళ కాలం మనిషి. మొగుడు పోతే చంటిపిల్లనెత్తుకుని రాజోలు దగ్గర అన్నగారింటికి వచ్చి చేరింది. ఒకరోజు కాలవ నీళ్ళ దగ్గర పక్క చేను ఆసామి ఏదో కూత కూశాడట. ఈవిడ చేతిలో పార ఉంది. ఒక్కటేసింది. వాడు అక్కడికక్కడే పోయాడు. కచేరీలో దొర అడిగితే "నేనే చంపాను" అని తలెగరేసి చెప్పిందట. ఆడది కాబట్టి ఉరి తప్పించి అండమాను ఓడ ఎక్కించారు. పిల్లని అన్నగారు కడుపులో పెట్టుకుని పెంచి, చివరికి తన కొడుక్కే చేసుకున్నాడు. ఆ ఇద్దరి సంతానమే మేమంతా. అన్నగారు దేవుడు, పైడమ్మ దయ్యం. మా ఇంట్లో చెప్పే కథ ఇదీ.

నేను బహ్రెయిన్‌లో డ్రైవరుగా చేశాను. బుదైయాలో ఒక విల్లాకి వంటమనిషిగా వెళ్ళాను. మేడమ్ ప్రోత్సహిస్తే టెస్టులో తప్పి తప్పి, చివరికి లైసెన్సు తెచ్చుకున్నాను. ఆవిడ పిల్లల్ని బడికి దింపేదీ తెచ్చేదీ నేనే. పాత కారొకటి నన్నే వాడుకోమంది. శుక్రవారం ఆ కారులో అద్లియా వెళ్ళి మా చెల్లి బ్లెస్సీని, దాని మొగుడు విక్టర్‌ని, వాళ్ళ పిల్లలు షారోను, జోయెల్‌లనీ ఎక్కించుకుని తెలుగు క్రైస్తవుల సహవాసానికి వెళ్ళేదాన్ని. విక్టర్ అద్లియాలో ఒక రెస్టారెంటులో సూపర్‌వైజరు. ఆ పని ఖాళీ ఉందని కబురు పెట్టింది కూడా నేనే. అతనూ లైసెన్సు కోసం తిరుగుతున్నాడు, ఎప్పుడూ తప్పుతున్నాడు. మగాడు తప్పితే టెస్టు కష్టమంటారు, నేను తప్పినన్నాళ్ళూ ఆడదానికెందుకీ డ్రైవింగు అన్నారు.

ఆ ఎండాకాలం మొదట్లో మా సహవాసం వాళ్ళం కర్జకాన్‌లో ఈతకొలను ఉన్న ఖర్జూరం తోటొకటి అద్దెకు తీసుకున్నాం. ఆరాధన, ఆ తర్వాత బిర్యానీ. తినడం అయ్యాక మగవాళ్ళు నీడకి చేరారు, పిల్లలు నీళ్ళలోకి దూకారు, ఆడవాళ్ళం గిన్నెల దగ్గరికి చేరాం. బిర్యానీ గుండిగ అడుగంటింది. ఒకవైపు నేను, ఇంకోవైపు విజయరాణి పట్టుకుని స్టీలు పీచుతో తోముతున్నాం. విజయరాణి మా ఊరి వైపు మనిషే. పాస్టరుగారి భార్య నడిపే నర్సరీ బడిలో ఆయా.

"మసాలా దట్టించినంత శ్రద్ధగా మంట చూసుకుంటే మనకీ తిప్పలు ఉండేవా?" అంటోంది తను. నేను నవ్వుతుంటే ఫోను మోగింది. బ్లెస్సీ. ఏడుపు తప్ప మాట రావడం లేదు.

గేటు దాటి పరుగెత్తాను. ఆడవాళ్ళంతా లేచి నిలబడి చూశారు. తోటల మధ్య రోడ్డు మలుపులో నా కారు అడ్డంగా ఉంది. ముందు అద్దం పగిలింది. వంకరపోయిన సైకిలు పక్కన ఒక మనిషి పడి ఉన్నాడు, కాలు ఉండాల్సిన తీరులో లేదు. ఊపిరి ఆడుతోంది. ఆ పక్క తోటలో పనిచేసే బంగ్లాదేశ్ మనిషి జమాల్ అని తర్వాత తెలిసింది. వెనక సీట్లో పిల్లలు గుక్కపట్టి ఏడుస్తున్నారు.

"తాళాలు నీకెవరిచ్చారు?" అన్నాను.

"నీ బ్యాగులోంచి తీశాను వదినా. ఐస్‌క్రీం కొనిపెడదామని, ఈ చిన్న రోడ్డే కదా అని..." అన్నాడు విక్టర్. "అంబులెన్సుకి చేశాను. పోలీసులొస్తారు. నాకు లైసెన్సు లేదు వదినా, ఇన్సూరెన్సు రాదు. నన్ను లోపలేస్తారు."

"వెయ్యనీ!"

"అక్కా!" బ్లెస్సీ కారు దిగొచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఆయన వీసా పోతే మేమందరం రోడ్డున పడతాం. నువ్వు తోలానని చెప్పు. నీకు లైసెన్సుంది."

"నువ్వు ఆడదానివి వదినా. ఆడవాళ్ళని జైల్లో పెట్టరు. ఒక సంతకం పెట్టించుకుని పంపేస్తారు, అంతే."

"నేను గుండిగ తోముకుంటున్నానురా! అక్కడందరూ చూశారు!"

"మనవాళ్ళు పోలీసులకి చెప్తారా ఏంటక్కా? నీకెవరున్నారు చెప్పు, ఒక్కదానివి. మాకు పిల్లలున్నారు."

నాకెవరున్నారు అనే మాట ఆ రోడ్డు మీద వినాల్సొస్తుందని అనుకోలేదు. నాకు వీళ్ళున్నారనుకున్నాను ఇన్నాళ్ళూ. దూరంగా సైరను వినపడింది.

"సంఘంలో అందరి ముందూ లేచి సాక్ష్యం చెప్తాను వదినా," అన్నాడు విక్టర్. "పోలీసులకి అబద్ధం చెప్పినా దేవుడి సన్నిధిలో చెప్పను. నీ పేరు పాడవ్వనివ్వను. నా పిల్లల మీద ఒట్టు."

మా సహవాసంలో వాక్యం బోధించడం అయ్యాక సాక్ష్యాల వేళ ఉంటుంది. దేవుడు తమకి చేసిన మేలు ఎవరికి వాళ్ళు లేచి చెప్పుకుంటారు. విన్నవాళ్ళు ఆమేన్ అంటారు. సాక్ష్యానికి ఎదురు చెప్పడం మాలో లేదు. అక్కడ అన్నదే మాకు నిజం, కోర్టు ఏమన్నా సరే. అందుకే విక్టర్ ఆ మాట అనగానే నమ్మేశాను. పోలీసాయన దిగి, బండి ఎవరు తోలారని అడిగితే "నేనే" అన్నాను. ఆయన నా మోచేతుల దాకా ఉన్న సబ్బు నురగ వైపు ఒకసారి చూసి, లైసెన్సు తీసుకుని రాసుకున్నాడు.

వాళ్ళన్నట్టే జైలు తప్పింది. జమాల్ బతికాడు, కాలికి రాడ్లు వేశారు. వైద్యం ఇన్సూరెన్సు వాళ్ళు చూసుకున్నారు. నాకు జరిమానా వేసి వదిలేశారు. ఆస్పత్రికి అన్నం పట్టుకెళితే అతను "కోయీ బాత్ నహీ బహెన్, అల్లా బచాయా" అని నన్ను క్షమించాడు. వెనక నుంచి గుద్దడం వల్ల ఎవరినీ చూడలేదట. చెయ్యని తప్పుకి క్షమ అందుకోవడం ఎంత కష్టమో ఆ మంచం పక్కన తెలిసింది. విక్టర్ ఆ ఛాయలకే రాలేదు.

మేడమ్ మాత్రం నన్ను కూర్చోబెట్టి అడిగింది. "మేరీ, ఇన్నేళ్ళలో నువ్వు గట్టిగా బ్రేకు వేసింది కూడా నాకు తెలీదు. నిద్రొచ్చిందా? ఫోను చూశావా? సచ్ బోలో."

"పొరపాటైపోయింది మేడమ్," అన్నాను.

ఆవిడ కారు తాళాల కోసం చెయ్యి చాపింది. "నా పిల్లల్ని ఇంక నీతో పంపలేను. ఖలాస్. ఎక్కడైనా పని చూసుకో, వీసా మార్చుకునే కాగితాల మీద సంతకం పెడతాను. వేసవి అయ్యేదాకా ఆగుతాను." కోప్పడి ఉంటే బాగుండేది. ఆ తాళాలు ఇస్తుంటే నా లైసెన్సు రోజున ఆవిడ తినిపించిన హల్వా గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

దారి లేకపోలేదు. పాస్టరు ఎలియేజరుగారి భార్య నర్సరీకి వ్యాను డ్రైవరు కావాలి. ఆడమనిషైతే మరీ మంచిదంటున్నారు. విజయరాణి నా మాట ఎత్తిందట. "మనిషిని గుద్దిన చేతులకి పసిపిల్లల్ని ఎలా అప్పజెప్పను? అసలు సంగతి వేరే అయితే చెప్పండి, రేపే రమ్మంటాను" అన్నారట అమ్మగారు. అసలు సంగతి విజయరాణికి తెలుసు. కానీ అది విక్టర్ నోట రావాలి. సాక్ష్యంగా రావాలి. వచ్చిందంటే నాకు పని ఉంటుంది, వీసా ఉంటుంది, స్టీరింగు ఉంటుంది. రాలేదంటే సామాను సర్దుకోవాలి.

శుక్రవారాలు పోతున్నాయి. విక్టర్ పాటల పుస్తకంలోంచి తల ఎత్తడు. అడిగితే "ఈ వారం చెప్తా వదినా", ఆ వారం అయ్యాక "పిల్లాడికి జ్వరం వదినా", ఆ తర్వాత "మా హోటలు మేనేజరు చుట్టం వచ్చాడు, అతని ముందెలా?" అమ్మకి ఫోను చేశాను.

"అమ్మా, నేనే స్టేషనుకెళ్ళి నిజం చెప్పేస్తాను."

"నోర్ముయ్! చెప్పి? అల్లుణ్ణి జైల్లో పెడితే పిల్లల గతేంటి?"

"నా గతేంటి?"

"నీకేంటే, గట్టిదానివి. ఎక్కడైనా బతుకుతావు. అయినా మనింట్లో ఇది కొత్తా? పైడమ్మ చెయ్యలేదూ?"

"పైడమ్మ చేసింది ఖూనీ."

ఫోనులో కోళ్ళు అరవడం వినపడుతోంది.

"ఖూనీ ఆవిడ చెయ్యలేదే," అంది అమ్మ గొంతు తగ్గించి, ఎవరో వింటున్నట్టు. "అన్నగారు చేశాడు. ఆ టయానికి ఈవిడ అరుగు మీద పిల్లకి పాలిస్తోంది. 'నన్నైతే ఉరి తీస్తారమ్మా, ఆడదాన్ని ఉరి తియ్యరు, నీ పిల్లని నా పిల్లలా చూసుకుంటాను' అని కాళ్ళు పట్టుకున్నాడంట. ఒప్పేసుకుంది. చూడు ఎంత త్యాగమో!"

బుదైయాలో నా గది గోడకి ఏసీ హోరుమంటోంది.

"నీకెవరు చెప్పారు?"

"మా అమ్మ చెప్పింది. మా అమ్మకి వాళ్ళ నాయనమ్మ చెప్పింది. ఆ పాలు తాగిన పిల్లే కదే ఆవిడ! అష్టాచెమ్మా గవ్వలున్నాయి కదా మనింట్లో, పసుపుపచ్చవి. అవి పైడమ్మ పంపినవే. శిక్ష తీరి తిరిగొచ్చినాయనొకడు వెతుక్కుంటూ వచ్చాడంట. 'పైడమ్మ బాగుంది, అక్కడే ఒకాయన్ని చేసుకుంది, పాకుంది, ఆవుంది. బిడ్డ ఎలా ఉందో కనుక్కు రమ్మంది, తిరిగి పోయేవాళ్ళతో కబురు పంపుతాను' అన్నాడంట. అన్నగారు వీధి గుమ్మంలోనే నిలబెట్టి, 'ఆ పేరుగల మనిషి మా ఇంట్లో లేదు' అన్నాడు. ఆ వచ్చినాయన మూట వాకిట్లో పడేసి పోయాడు. గవ్వలు చెల్లాచెదురైతే ఈ పిల్లే ఏరుకుంది. అమ్మ పంపిందని తెలీదు పాపం, ఆడుకుంది."

ఆ గవ్వలతోనే నేనూ బ్లెస్సీ వేసవి సెలవులన్నీ ఆడాం. ఎనిమిది పడలేదని దొంగాట ఆడి తన్నుకున్నాం కూడా.

"మరి పుట్టినకాణ్ణించీ పైడమ్మ పూనింది, పైడమ్మ పూనింది అని నన్నెందుకు తిట్టావే అమ్మా? నీకు తెలిసుండీ?"

"అదేదో నోటికి అలా వచ్చేస్తుందిలే. అన్నగారి పేరు చెప్పుకునే కదా ఊళ్ళో మనకంత మర్యాద! ఇప్పుడవన్నీ ఎందుకు తవ్వడం? నువ్వు మాత్రం స్టేషనుకి పోకు. విక్టర్ ఒట్టేశాడు, చెప్తాడు. బ్లెస్సీతో నేను మాట్లాడతాను."

మాట్లాడింది కాబోలు. ఆ వచ్చిన శుక్రవారం బ్లెస్సీ నా పక్కన కూర్చోలేదు. వాక్యం అయ్యింది. ఎలియేజరుగారు "సాక్ష్యాలున్నవాళ్ళు లేవండి" అన్నారు. విక్టర్ లేస్తాడేమోనని చూస్తున్నాను. బ్లెస్సీ లేచింది. కొంగు తలమీదికి లాక్కుంది.

"దేవునికి స్తోత్రం. సంఘానికి నా వందనాలు. కర్జకాన్‌లో ఆ రోజు నా భర్తనీ నా పిల్లల్నీ దేవుడు తన రెక్కల కింద దాచాడు. ఒక్క గీత కూడా పడకుండా కాపాడాడు."

"ఆమేన్," అన్నారందరూ.

"మా అక్క కోసం ప్రార్థన చెయ్యండి. మా అక్క మంచిది. కానీ దానికి చిన్నప్పటి నుంచీ కోపం ఎక్కువ. ఆ రోజు కూడా నాతో మాటామాటా అనుకుని ఆ కోపంలో బండి తోలింది. మా వంశంలో పైడమ్మ అని ఒకావిడ మనిషిని చంపి అండమాను వెళ్ళింది. ఆ శాపం తరతరాలుగా మా ఇంటి ఆడవాళ్ళని పట్టుకునుంది. అది ఏసునామంలో మా అక్కని విడిచిపోవాలి."

"ఆమేన్!"

ఈసారి ఇంకా గట్టిగా అన్నారు. వెనక బెంచీల నుంచి ఎవరో స్తోత్రం, స్తోత్రం అని ఏడుస్తున్నారు, నా కోసమే. అమ్మగారు కళ్ళు తుడుచుకున్నారు. విక్టర్ పాటల పుస్తకంలో పేజీలు తిప్పుతున్నాడు.

నేను లేచాను.

"వందనాలు. నాది సాక్ష్యం కాదు. ఒక్క మాట అడుగుతాను. ఆ రోజు తోటలో బిర్యానీ గుండిగ ఒకవైపు నేను పట్టుకుని తోముతుంటే, రెండోవైపు పట్టుకున్నది ఎవరు?"

విజయరాణి బైబిలు మీద చెయ్యి పెట్టుకుని ఆ చేతినే చూసుకుంటోంది. ఆ రోజు గిన్నెల దగ్గరున్న ఆడవాళ్ళు ఎక్కడెక్కడ కూర్చున్నారో నాకు కనపడుతూనే ఉంది. ఒక్కొక్కరినే చూశాను. ఒక్కొక్కరే తల దించారు.

"సిస్టర్," అన్నారు ఎలియేజరుగారు మెత్తగా, "సాక్ష్యం మీద వాదన మన పద్ధతి కాదమ్మా. కూర్చోండి. ప్రార్థనలో పెడదాం."

నేను కూర్చోలేదు. చెప్పులేసుకుని బయటికొచ్చేశాను. విజయరాణి మెట్ల దాకా పరుగెత్తుకొచ్చింది.

"మేరీ, నా వీసా కాగితాలు అమ్మగారి దగ్గరున్నాయే. ఈ నెలలోనే రెన్యువల్. నేనేం చెయ్యను చెప్పు?"

"ఏం చెయ్యకు. నీ వీసా చల్లగా ఉండాలి తల్లీ," అన్నాను. అని ఎండలోకి దిగాను. గాలిలో తేమకి ఒళ్ళంతా ముద్దయిపోయింది. టాక్సీ కోసం నిలబడి, ఇంతమంది ఎదుట ఎందుకు ఏడవలేదా అని నాకు నేనే ఆశ్చర్యపోయాను. అప్పుడు ఏడ్చాను.

ఆ మర్నాడు స్టేషను గేటు దాకా వెళ్ళాను. లోపలికి వెళ్తే మొదట అడిగేది, నువ్వు తోలలేదనడానికి సాక్షి ఎవరని. నా సాక్షులందరూ నిన్ననే ఆమేన్ అన్నారు. తిరిగొచ్చేశాను. మేడమ్ మాట ప్రకారం వేసవి అయ్యేదాకా ఆగింది, పని దొరకలేదు, వీసా క్యాన్సిల్ అయింది. విమానాశ్రయానికి తనే దింపింది. కారు తనే తోలింది, నేను పక్క సీట్లో కూర్చున్నాను. చెల్లి రాలేదు. పిల్లలకి పరీక్షలట. సెలవుల్లో పరీక్షలేమిటని నేనూ అడగలేదు.

ఇంటికొచ్చేసరికి వానలు పట్టుకున్నాయి. అమ్మ నాకిష్టమని రొయ్యల కూర వండింది. వడ్డిస్తూ, "పోనీలే, నీ పుణ్యాన ఆ సంసారం నిలబడింది" అంది. నేను తిన్నాను. అన్నం మీద కోపం ఎందుకు?

తిన్నాక అటక మీంచి గవ్వల డబ్బా దింపి చాప మీద పోసుకున్నాను. అరిగి అరిగి నున్నగా అయిపోయాయి. ఆవిడ వీటిని ఏ ఒడ్డున ఏరిందో, మూట కట్టేటప్పుడు ఏమనుకుందో. తిరుగు కబురు కోసం ఎన్నాళ్ళు చూసిందో. అక్కడ ఆవిడకి పుట్టిన పిల్లలకి ఈ ఇంటి గురించి ఏమని చెప్పుకుందో. అన్నగారి మంచితనం గురించే చెప్పుకుని ఉంటుంది, ఖర్మ.

"బ్లెస్సీకి కూడా తెలుసా, పైడమ్మ సంగతి?" అని అడిగాను.

"ఆ, దానికీ చెప్పాను. నీతో మాట్లాడిన రోజే," అంది అమ్మ కంచాలు తీస్తూ. తెలిసే అలా చెప్పిందన్నమాట. అమ్మకి అందులో తప్పేమీ కనపడినట్టు లేదు.

అప్పుడే వీడియో కాల్ వచ్చింది. అమ్మ ఫోను పైకి పట్టుకుంది. బ్లెస్సీ మొహం కన్నా ముందు షారోను అరుపులు వినపడ్డాయి.

"నేను కాదు! తమ్ముడే పగలగొట్టాడు! నేను గదిలో బొమ్మేసుకుంటున్నాను!"

"చూశావా అమ్మా దీని గొంతు!" అంది బ్లెస్సీ. "గాజు జగ్గు పగిలింది. వాడు చిన్నాడు, వాళ్ళ నాన్న కొడతాడు, పెద్దదానివి, నేనే అని సారీ చెప్పెయ్యవే అంటే ఇల్లు పీకి పందిరేస్తోంది. అచ్చం మేరీ పెద్దమ్మ పూనింది దీనికి!"

అమ్మ పకపకా నవ్వింది. నేను చాప మీంచి లేచి అమ్మ చేతిలోంచి ఫోను తీసుకున్నాను. నేనిక్కడ వింటున్నానని బ్లెస్సీ అనుకోలేదు కాబోలు, చూపు పక్కకి తిప్పేసింది.

"పాపకివ్వు," అన్నాను.

"అక్కా, అది ఏదో నవ్వులాటకి..."

"పాపకివ్వు."

తెర మీద షారోను మొహం వచ్చింది. కళ్ళూ ముక్కూ ఎర్రగా ఉన్నాయి. వెక్కుతోంది.

"నువ్వు కాదా పగలగొట్టింది?"

"కాదు పెద్దమ్మా. నేను గదిలో ఉన్నాను."

"అయితే ఒప్పుకోకు. అమ్మ ఏడ్చినా, నాన్న కాళ్ళు పట్టుకున్నా, నేనే అని మాత్రం అనకు. నేను కాదని చెప్పు. ఇంకా గట్టిగా చెప్పు."

పిల్ల ముక్కు తుడుచుకుని ఊపిరి పీల్చుకుంది. "అక్కా, ఏంటిది, దానికి ఏం నేర్పుతున్నావు," అంటూ బ్లెస్సీ చెయ్యి ఫోను మీదికి వచ్చింది. ఫోను కట్టయ్యేదాకా షారోను చెబుతూనే ఉంది.